వానల్లో వెళ్ళండి, ఏసీ కట్టేయండి: ఉత్తర క్వీన్స్‌లాండ్ చిన్న హోటళ్ళకు తలకిందుల సలహాలు

అక్టోబరు రాగానే మెల్‌బోర్న్‌లో నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, సెలవులకి కెయిన్స్ వైపు వెళ్దామనుకుంటున్నాం. హోటల్ ఎలాంటిది తీసుకోమంటావ్? ఏమేం పట్టుకెళ్ళాలి?" పన్నెండేళ్ళుగా ఏటా ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఏదో ఒక చిన్న హోటల్లో వారం పది రోజులు ఉండి వస్తుంటాను కాబట్టి అడుగుతారు. నేను చెప్పింది విని సగం మంది ఫోన్ పెట్టేసి మరొకరిని అడుగుతారు. ట్రావెల్ ఏజెంట్లు చెప్పేదానికి నా సలహాలు సరిగ్గా ఎదురుగా ఉంటాయి మరి. వానల్లో వెళ్ళండి. సముద్రం కనబడే గది తీసుకోకండి. ఏసీ కట్టేయండి. గోడమీద బల్లిని ఉండనివ్వండి. బీచ్ పక్కనే దిగి, సముద్రంలోకి మాత్రం తోచినప్పుడల్లా దిగకండి. ఇవన్నీ తలకిందులుగా కనిపిస్తాయని నాకు తెలుసు. అయినా ప్రతి మాటా అనుభవం మీద చెబుతున్నదే. ఫోన్లో కారణాలన్నీ చెప్పడం కుదరదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు హోటల్ అనే మాట సంగతి. మనకు హోటల్ అంటే ఇడ్లీ, కాఫీ దొరికే చోటు. బస చేసేది లాడ్జి. ఆస్ట్రేలియా చిన్న ఊళ్ళలో హోటల్ అని బోర్డు ఉంటే అది చాలాసార్లు పబ్. మద్యం అమ్మే లైసెన్సు కావాలంటే ప్రయాణికులకు గదులు కూడా ఇవ్వాలని పాత చట్టాలు చెప్పేవి. అందుకే కింద బారు, పైన గదులు. పిల్లలతో వెళ్ళినవాళ్ళకు శుక్రవారం రాత్రి ఆ గదుల్లో నిద్ర పట్టదు. నేను చెప్పే చిన్న హోటల్ బోర్డు మీద మోటెల్ అనో, లాడ్జ్ అనో, క్యాబిన్స్ అనో ఉంటుంది. పది పన్నెండు గదులు, రేకుల కప్పు, ముందు వసారా, వెనక చెట్లు. యజమాని అక్కడే కాపురం ఉంటారు. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకో చివర్లో చెబుతాను.

1. కాకినాడ వెళ్తున్నామనుకోండి

అట్లాసు తెరిచి చూడండి. కాకినాడ భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 17 డిగ్రీల దగ్గర ఉంది. కెయిన్స్ దక్షిణాన దాదాపు 17 డిగ్రీల దగ్గర ఉంది. విజయవాడ ఇటు 16.5, పోర్ట్ డగ్లస్ అటు 16.5. రేఖకు అటొకటి ఇటొకటి, అద్దంలో చూసుకుంటున్నట్టుంటాయి ఈ ఊళ్ళు.

2016లో అమ్మ కాకినాడ నుంచి వస్తే ఆ ఏడు తననీ తీసుకెళ్ళాను. పొద్దున్నే లేచి వసారాలో కుర్చీ వేసుకుని చుట్టూ చూసింది. ఎదురుగా కొబ్బరిచెట్లు, కంచె పొడుగునా నూరువరహాలు, మూలన దేవగన్నేరు, వెనక అరటి పిలకలు, రోడ్డుకు అవతల చెరుకు తోట. "ఏరా, విమానం ఎక్కించి ఇంత దూరం తీసుకొచ్చి, మళ్ళీ మన పెరట్లోనే కూర్చోబెట్టావేంట్రా?" అంది. నేను చదివిన ఏ గైడుపుస్తకంలోనూ ఆ ప్రాంతం గురించి ఇంత నిజమైన మాట లేదు.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 59 వేల పైమాటే. మనలో ఎక్కువమంది మెల్‌బోర్న్, సిడ్నీల్లో స్థిరపడ్డాం. తలుపులు బిగించుకోవడం, హీటర్ వేసుకోవడం, వాన పడితే బయటికి రాకపోవడం అక్కడ అలవాటైంది. ఆ అలవాట్లతో ఉష్ణమండలానికి వెళ్తే చెమట, చిరాకు, బిల్లు తప్ప ఇంకేమీ దక్కవు. శ్రావణమాసంలో అమ్మమ్మగారింట్లో ఎలా ఉండేవారో అలా ఉండండి. రెండు తేడాలు మాత్రం గుర్తుంచుకోండి. అక్కడ నెలలు తిరగబడతాయి: తురాయి చెట్లు ఎర్రగా విరబూసేది, మామిడిపళ్ళు మార్కెట్‌కి వచ్చేది నవంబరు, డిసెంబరుల్లో. దిక్కులూ తిరగబడతాయి: ఏడాదిలో ఎక్కువ భాగం మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. మన ఊళ్ళో దక్షిణపు కిటికీ గురించి పెద్దలు చెప్పేది అక్కడ ఉత్తరపు కిటికీకి వర్తిస్తుంది.

2. వానల్లో వెళ్ళండి

ఆ ప్రాంతానికి కాలాలు రెండే. మే నుంచి అక్టోబరు దాకా పొడికాలం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తడికాలం. జూలైలో వెళ్ళమని అందరూ చెబుతారు. జూలైలో నేనూ వెళ్ళాను. గదుల ధర ఎక్కువ, ఎక్కడ చూసినా జనం. పైగా ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా కొడుతుంది. పగడాల దిబ్బలు చూద్దామని పడవెక్కితే అలల కుదుపుకి సగం మంది కడుపు పట్టుకుని కూర్చుంటారు.

అదే నవంబరులోనో, జనవరి మొదట్లోనో వెళ్ళి చూడండి. తుపాను లేని రోజుల్లో సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంటుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. పొడికాలంలో సన్నటి ధారగా ఉండే బారన్ జలపాతం, వానలు బాగా పడ్డాక, కొండంతా తెల్లబడేలా దూకుతుంది. క్రిస్మస్ వారం తప్పిస్తే గదులు చౌక. కార్తీక పౌర్ణమి వెళ్ళిన నాలుగైదు రాత్రులకు, చాలా ఏళ్ళలో, గ్రేట్ బారియర్ రీఫ్ మీద ఎన్నో జాతుల పగడాలు ఒక్కసారిగా గుడ్లు వదులుతాయి. మంచు కింద నుంచి పైకి కురిసినట్టు నీళ్ళన్నీ గులాబీ రంగు చుక్కలతో నిండిపోతాయి. ఈ సంగతి శాస్త్రజ్ఞులు తెలుసుకున్నదే 1980ల మొదట్లో.

వాన సంగతి దాచను. కెయిన్స్‌లో ఏడాదికి సుమారు రెండు మీటర్ల వాన పడుతుంది. ఇంకాస్త దక్షిణాన ఉన్న టల్లీలో దానికి రెట్టింపు. 1950లో టల్లీలో 7.9 మీటర్ల వాన పడిందని, సరిగ్గా అంత ఎత్తున ఒక పెద్ద రబ్బరు బూటు బొమ్మ కట్టి ఊళ్ళో నిలబెట్టారు. కానీ తడికాలం మొదట్లో వాన ఎక్కువగా సాయంత్రాలూ రాత్రులూ పడి, తెల్లారేసరికి తెరిపిస్తుంది. జనవరి చివర ఋతుపవనం దిగితే మాత్రం రోజుల తరబడి వదలదు. అందుకే మొదటి వానలకే వెళ్ళమంటాను.

ఒక్క విషయంలో నా మాట వద్దు, వాతావరణ శాఖ మాటే వినండి. తుపాను హెచ్చరిక వస్తే టికెట్టు డబ్బులు పోయినా ప్రయాణం మానుకోండి. 2006లో లారీ ఇన్నిస్‌ఫెయిల్‌ను, 2011లో యాసీ మిషన్ బీచ్‌ను చితక్కొట్టాయి. 2023 డిసెంబరు 13న తీరం దాటిన జాస్పర్ గాలి బలంలో పెద్ద తుపాను కాదు. అయినా ఆ తర్వాత కొన్ని చోట్ల కొద్దిరోజుల్లోనే రెండు మీటర్లకు పైగా వాన కురిసి ఊళ్ళు మునిగాయి, కెయిన్స్ విమానాశ్రయం మూతపడింది. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే, అవి చీలమండ లోతే అనిపించినా, కారు దించకండి. వెనక్కి తిప్పుకుని హోటల్‌కి వచ్చేయండి.

3. సముద్రం వైపు గది అడగకండి

ఆ తీరంలో సముద్రం తూర్పున ఉంటుంది. డిసెంబరులో సూర్యోదయం ఐదున్నర దాటిన కాసేపటికే. సముద్రం వైపు గది అంటే ఆరు కాకముందే మంచం మీదికి ఎండ. తొమ్మిదయ్యేసరికి నీళ్ళ మీది మెరుపుకి కళ్ళు తెరవలేరు, తెరలు లాగేస్తారు. అంటే ఎక్కువ డబ్బు పోసి కొనుక్కున్న దృశ్యాన్ని రోజులో ఎక్కువసేపు తెరతో మూసి ఉంచుతున్నామన్నమాట. ఉప్పుగాలికి తలుపు బిజాగరాలు తుప్పుపట్టి కిర్రుమంటాయి. సముద్రం రెండు నిమిషాల నడక దూరంలో ఉంటే చాలదా?

వెనక, చెట్ల వైపు గది అడగండి. ఆ చెట్లే పడమటెండని ఆపుతాయి. పొద్దున్నే పక్షులు వస్తాయి. పసుపు పొట్ట, వంపు ముక్కు ఉన్న తేనెపిట్ట ఒకటి వసారాలో వేలాడే తీగకో, బట్టల హ్యాంగరుకో సన్నటి సంచిలాంటి గూడు కడుతుంది. ఒక ఏడు మా గది ముందు అలా కడితే, యజమానురాలు ఆ తీగ మీద బట్టలు వేయవద్దని చిన్న కాగితం రాసి కట్టింది. మా అబ్బాయి ఆ వారం రోజులూ ఫోను ముట్టుకోకుండా ఆ గూటి కిందే కూర్చున్నాడు.

రాత్రిపూట ఎవరో ఆడమనిషి దూరంగా ఏడుస్తున్నట్టు కేక వినిపిస్తే హడలిపోకండి. అది కర్ల్యూ అనే పొడుగుకాళ్ళ పిట్ట. పగలు చెట్టుకింద కట్టెపుల్లలా నిలబడి కదలదు, రాత్రి ఊరంతా తిరిగి అరుస్తుంది. పిల్లలకు మొదటి సాయంత్రమే చెప్పి ఉంచండి.

4. ఏసీ కట్టేయండి

గదిలో అడుగుపెట్టగానే చాలామంది చేసే మొదటి పని రిమోట్ వెతకడం. 18 డిగ్రీలు పెట్టి, తలుపులు బిగించి, దుప్పటి కప్పుకుని పడుకుంటారు. బయట 31 డిగ్రీలు, గాలి నిండా తడి. తలుపు తీసిన మరుక్షణం కళ్ళజోడు మసకబారుతుంది, కెమెరా కటకం మీద పది నిమిషాలు ఆవిరి నిలుస్తుంది, ఒళ్ళంతా జిగురు. ఇలా రోజుకు పదిసార్లు చలిలోకీ వేడిలోకీ తిరిగితే శరీరం ఎన్నటికీ ఆ ఊరికి అలవాటు పడదు. వారం గడిచినా మొదటిరోజు వచ్చినవాళ్ళలాగే ఉక్కపోతగా ఉందని గొణుగుతుంటారు.

ఆ ప్రాంతపు పాత ఇళ్ళు కట్టినవాళ్ళకు ఏసీ లేదు. స్తంభాల మీద ఇల్లు ఎత్తి కట్టారు, కింద గాలి పారడానికి. చుట్టూ వసారా వేశారు, గోడ మీద ఎండ పడకుండా. కప్పు ఎత్తుగా పెట్టారు, వేడి పైకి పోవడానికి. కిటికీలకు లూవర్లు పెట్టారు. లూవర్ అంటే మన బాత్‌రూమ్ వెంటిలేటరుకు ఉండే అద్దాల పలకలే. అక్కడ గోడ పొడుగునా, మనిషెత్తున ఉంటాయి. పక్కనున్న చిన్న ఇనుప పిడి కిందికి నొక్కితే పలకలన్నీ ఒక్కసారిగా పడుకుంటాయి, గాలి వస్తుంది. వాన వచ్చినా జల్లు లోపలికి రాకుండా వాలుగా ఉంచుకోవచ్చు.

చేయాల్సింది ఇంతే. ఎదురెదురు గోడల్లో ఉన్న లూవర్లు రెండూ తెరవండి. పైన ఫ్యాన్ మధ్యస్థంగా పెట్టండి. తల ఒక కిటికీ వైపు, కాళ్ళు రెండో దాని వైపు ఉండేలా మంచం మీద తిరిగి పడుకోండి. మొదటి రాత్రి కష్టంగా ఉంటుంది. రెండో రాత్రికి తగ్గుతుంది. మూడో రాత్రి రేకుల మీద వాన మొదలై, తడిమట్టి వాసన ఆ పలకల సందుల్లోంచి గదిలోకి వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది. ఆ వాసన కోసమే నేను ఏటా వెళ్తున్నాను. ఏసీ గదిలో పడుకున్నవాడికి ఆ రాత్రి వాన పడిందన్న సంగతి కూడా తెలియదు.

చంటిపిల్లలు, పెద్దవాళ్ళు, గుండె జబ్బున్నవాళ్ళు ఉంటే, గాలి ఆడని రాత్రి 26 డిగ్రీలు పెట్టి రెండు గంటలు వేసుకోండి. దానికి నేను అడ్డు చెప్పను. డెయిన్‌ట్రీ నది దాటి ఉత్తరానికి వెళ్తే మాత్రం ఆలోచించక్కర్లేదు: అక్కడికి కరెంటు లైనే లేదు. సౌర పలకలు, జనరేటర్ల మీదే హోటళ్ళు నడుస్తాయి. ఏసీ లేదని అక్కడివాళ్ళ మీద అలగడం అన్యాయం.

5. బల్లిని ఉండనివ్వండి

గదిలో బల్లి ఉందని రిసెప్షన్‌కి ఫోన్ చేసే తెలుగువాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. అది పరాయి జంతువు కాదు. మన ఇంటి గోడల మీద తిరిగే జాతుల్లో ఒకటి, ఓడల సరుకుల్లో ఎక్కి ఆస్ట్రేలియా చేరింది. అదే చప్పుడు చేస్తుంది. అమ్మ వచ్చిన ఏడు మేం అద్దెకారు గురించి ఏదో మాట్లాడుకుంటుంటే గోడ మీద బల్లి పలికింది. అమ్మ వెంటనే "సత్యం" అంటూ వేలితో మంచపు కోడు మీద కొట్టింది. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు అచ్చువేసుకునే జాతి మనది. దీపం చుట్టూ చేరే పురుగుల్ని అది తింటుంది, మిమ్మల్నేమీ చేయదు. దాని రెట్ట తుడుచుకోవడానికి ఒక కాగితం చాలు.

మామిడి చెట్ల మీద ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు గుర్తున్నాయా? ఆ జాతే అక్కడా ఉంది, పొట్ట మాత్రం ఆకుపచ్చగా ఉంటుంది. చెట్టుకు చేతులు ఆన్చే ముందు చూసుకోండి. మిషన్ బీచ్ వైపు మనిషంత ఎత్తు కాసోవరీ పక్షి హోటల్ ఆవరణలోకి వచ్చినా రావచ్చు. దానికి తిండి పెట్టకండి, పెట్టడం చట్టరీత్యా నేరం. కాలిగోరుతో మనిషిని చీల్చగలదు. వెన్ను చూపించి పరిగెత్తకుండా మెల్లగా వెనక్కి జరగండి. కిందపడిన గబ్బిలాన్ని ఎంత జాలేసినా ముట్టుకోవద్దు. ప్రాణాంతకమైన వైరస్ ఉండే అవకాశం ఉంది. యజమానికి చెబితే వాళ్ళు రక్షించేవాళ్ళని పిలుస్తారు.

6. గోర్డన్‌వేల్ పాఠం

కిటికీలు తెరవమంటే అందరూ అడిగే ప్రశ్న: మరి దోమలు? దానికి జవాబు కెయిన్స్ పక్కనున్న గోర్డన్‌వేల్ అనే చెరుకు ఊళ్ళో ఉంది. తలకిందుల సలహాల్లో దేన్ని నమ్మాలో, దేన్ని నమ్మకూడదో కూడా నాకు ఆ ఊరే నేర్పింది.

1935లో ఆ ఊళ్ళో చెరుకుని పెంకుపురుగులు పాడుచేస్తున్నాయని హవాయి నుంచి వందకు పైగా పెద్ద గోదురుకప్పల్ని తెప్పించి, పెంచి వదిలారు. పురుగులు చెరుకు పైన ఆకుల్లో, కప్పలు కింద నేల మీద. పురుగులు తగ్గలేదు. కప్పలు మాత్రం ఉత్తర ఆస్ట్రేలియా పొడుగునా పాకి, వాటి విషానికి స్థానిక జంతువులు ఎన్నో చచ్చాయి. మీ హోటల్ వసారా దీపం కింద రాత్రి కనబడే కప్పలు వాటి సంతతే. పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

2011 జనవరిలో అదే గోర్డన్‌వేల్‌లో, కెయిన్స్‌కు ఉత్తరాన ఉన్న యార్కీస్ నాబ్‌లో, ఇంకో బృందం వచ్చి దోమల్ని వదులుతామంది. డెంగీని తగ్గించడానికి దోమల్ని పెంచి వదలడమా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ వాళ్ళు ముందు ఏళ్ళతరబడి పరీక్షించారు, ఇంటింటికీ తిరిగి చెప్పారు, ఒప్పించారు. ఆ దోమల్లో వోల్‌బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది ఉన్న దోమలో డెంగీ వైరస్ సరిగ్గా పెరగదు. ఆ దోమలు స్థానిక దోమల్లో కలిసిపోయాయి. ఇవాళ కెయిన్స్‌లో స్థానికంగా డెంగీ సోకడం దాదాపు ఆగిపోయింది. ఏటా వానాకాలంలో డెంగీతో ఆసుపత్రులు నిండే మన జిల్లాలవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

ఒకే ఊళ్ళో రెండు వింత ఆలోచనలు. ఊరిని గమనించకుండా చేసింది నాశనం చేసింది, గమనించి చేసింది మేలు చేసింది. నా సలహాల్ని కూడా ఈ కొలతతోనే కొలవండి. దోమలతో వచ్చే వేరే జ్వరాలు అక్కడ ఉన్నాయి కనుక కిటికీ తెరలు చిరగకుండా ఉన్నాయో లేదో గదిలో దిగగానే చూసుకోండి. సాయంత్రం ఒంటికి దోమల మందు రాసుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

7. బీచ్ హోటల్లో దిగి, సముద్రానికి హద్దు పెట్టుకోండి

ఇక్కడ నా మాట గట్టిగా పట్టుకోండి. నవంబరు నుంచి మే దాకా ఆ తీరం దగ్గర బాక్స్ జెల్లీఫిష్ ఉంటాయి, కుట్టాయంటే మనిషి నిమిషాల్లో పోవచ్చు. ఇరుకాంజీ అనేది ఇంకా చిన్నది, వేలిగోరంత. కుట్టినప్పుడు పెద్దగా తెలియదు. అరగంట తర్వాత నడుమునొప్పి, వాంతులు, బీపీ ఎగబాకడం. ఈ జబ్బుకి కారణమేమిటో నిరూపించడానికి 1961లో కెయిన్స్ డాక్టర్ జాక్ బార్న్స్ ఆ జీవిని పట్టి తనకీ, తన తొమ్మిదేళ్ళ కొడుక్కీ, ఒక లైఫ్‌గార్డ్‌కీ కుట్టించాడు. ముగ్గురూ ఆసుపత్రి పాలయ్యారు. ఆ జీవికి ఆయన పేరే పెట్టారు.

బీచ్‌లో వలలు కట్టిన చోట, ఎర్ర పసుపు జెండాల మధ్య, ఒళ్ళంతా కప్పే పల్చటి లైక్రా సూటు వేసుకుని మాత్రమే దిగండి. వలలు పెద్ద జెల్లీఫిష్‌ని ఆపుతాయి కానీ ఇరుకాంజీ ఆ సందుల్లోంచి దూరిపోగలదు, అందుకే సూటు. ఏదైనా కుడితే రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి. బీచ్ దగ్గర స్తంభాలకు వెనిగర్ సీసాలు పెట్టి ఉంటాయి. కనీసం 30 సెకన్లు ధారగా పోసి, 000 కి ఫోన్ చేయండి. దిగిన రోజే పిల్లలతో ఆ స్తంభం దాకా నడిచి, సీసా ఎక్కడుందో వేలితో చూపించండి.

నదీముఖాలు, వాగులు, మడ అడవుల దగ్గర మొసళ్ళు ఉంటాయి. బోర్డు ఉన్నా లేకపోయినా నీటి అంచుకు కనీసం ఐదు మీటర్ల దూరంలో నిలబడండి. గోదావరి గట్టున పెరిగినవాళ్ళకు నీళ్ళు చూడగానే కాళ్ళు కడుక్కోవాలనిపిస్తుంది. ఆ అలవాటు అక్కడ చంపుతుంది.

ఈత కావాలంటే హోటల్ పూల్ ఉంది. కెయిన్స్ ఊళ్ళో సముద్రపు ఒడ్డంతా బురద కాబట్టి, 2003లో ఎస్ప్లనేడ్ మీద 4,800 చదరపు మీటర్ల ఉప్పునీటి లగూన్ కట్టారు. టికెట్టు లేదు, లైఫ్‌గార్డులు ఉంటారు. పిల్లలు ఎంతసేపైనా ఆడుకోవచ్చు.

8. గదిలో పోపు పెట్టకండి, పోపు మానకండి

మొదటి ఏడు గదిలోని చిన్న స్టవ్ మీద పప్పుకి పోపు పెట్టాను. ఆవాలు చిటపటలాడి ఎండుమిర్చి నల్లబడేలోపే అలారం మోగింది. రాత్రి ఎనిమిది గంటలకు పన్నెండు గదులవాళ్ళు పసిపిల్లలతో సహా తడి గడ్డిలో నిలబడ్డారు. నా వల్ల అంతమంది అలా నిలబడటం ఇప్పటికీ గుర్తుకొస్తే సిగ్గేస్తుంది. అలారం అనవసరంగా మోగి ఫైరింజను వస్తే ఆ ఖర్చు గదివాళ్ళే కట్టాలని చాలా హోటళ్ళ నిబంధనల్లో ఉంటుంది.

దానికి మందు తిండి మానేయడం కాదు. ఆ ప్రాంతపు పార్కుల్లో, బీచ్ ఒడ్డున ఉచిత ఎలక్ట్రిక్ బార్బెక్యూలు ఉంటాయి. మీట నొక్కితే ఇనుప పలక వేడెక్కుతుంది. దానిమీద చిన్న మూకుడు పెట్టి పోపు వేసుకోండి, దోసెలే పోసుకోండి. పని అయ్యాక పలక గోకి, తడిగుడ్డతో తుడిచి రండి. తర్వాత వచ్చేవాళ్ళకు మన మంచితనం ఆ పలక మీద కనబడాలి.

కూరగాయలకి, పళ్ళకి కెయిన్స్‌లో శుక్రవారం నుంచి ఆదివారం దాకా నడిచే రస్టీస్ మార్కెట్‌కి వెళ్ళండి. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళు పచ్చళ్ళు, పొడులు, నెయ్యి, స్వీట్లు ఏం తెచ్చినా విమానంలో ఇచ్చే కార్డు మీద రాయండి. రాస్తే మహా అయితే తీసుకుని పారేస్తారు; దాస్తే జరిమానా. పచ్చి కరివేపాకు, పళ్ళు తేనే వద్దు.

ఇంకొకటి. అమ్మ వచ్చిన ఏడు, హోటల్ వెనక బట్టలారేసే చోట ఎర్రకాడల మొక్కలు చూసి ఆగిపోయింది. ఆకు తుంచి నోట్లో వేసుకుంది. "గోంగూరేరా!" క్వీన్స్‌లాండ్‌లో దాన్ని రోజెల్లా అంటారు, ఎర్రటి కాయపొరతో జామ్ చేసుకుంటారు, ఆకుని పట్టించుకోరు. యజమానురాలిని అడిగితే కత్తెర తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం బార్బెక్యూ దగ్గర అమ్మ గోంగూర పప్పు చేసింది. యజమానురాలు ఒక గిన్నెడు తిని, మర్నాడు తన జామ్ సీసా ఒకటి మా వసారా బల్ల మీద పెట్టి వెళ్ళింది. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

9. తువ్వాలు పల్చగా, సామాను తక్కువగా

తడికాలంలో మందపాటి హోటల్ తువ్వాలు రెండు రోజులైనా ఆరదు, ముక్కిన వాసన వేస్తుంది. ఇంటి నుంచి నేత తువ్వాళ్ళు పట్టుకెళ్ళండి. ఫ్యాన్ కింద గంటలో ఆరతాయి. జీన్స్ వద్దు. లుంగీలు, నూలు చీరలు, పల్చటి పొడుగు చేతుల చొక్కాలు చాలు. తడిబట్టలు పెట్టెలో పెట్టి మూయకండి, బూజు పడుతుంది. వచ్చేటప్పుడు పగడపు ముక్కలు పెట్టెలో వేసుకోకండి. గ్రేట్ బారియర్ రీఫ్ 1981 నుంచి ప్రపంచ వారసత్వ సంపద. 2016 నుంచి వేడినీళ్ళకు పగడాలు మళ్ళీ మళ్ళీ పాలిపోతున్నాయి. మనం ముట్టుకోకుండా రావడమే దానికి చేయగల సాయం.

10. స్టార్లు ఇవ్వడానికి ముందు తలుపు తట్టండి

యజమాని అక్కడే ఉండే హోటల్ వెతకమన్నది ఇందుకే. ఏ వాగు పొంగిందో, ఏ పడవ రేపు బయల్దేరదో, ఏ వీధిలో నిన్న కాసోవరీ తిరిగిందో ఫోన్లో యాప్ కన్నా ముందు వాళ్ళకు తెలుస్తుంది. రోజూ పొద్దున బయల్దేరేముందు ఎటు వెళ్తున్నారో వాళ్ళకు చెప్పండి. ఒకసారి మేం ఒక లోయకి బయల్దేరుతుంటే, కొండ మీద రాత్రి వాన పడిందని, ఏటిలో నీళ్ళు ఉన్నట్టుండి పెరుగుతాయని యజమానురాలు ఆపింది. మేమున్న ఊళ్ళో ఆకాశం నిర్మలంగా ఉంది. ఆగాం. మధ్యాహ్నానికి ఆ దారి మూశారు.

అలాగే కుళాయి కారుతుంటే, ఫ్యాన్ కిచకిచమంటుంటే, గది నచ్చకపోతే, వెళ్ళి వాళ్ళ తలుపు తట్టి చెప్పండి. పది గదుల హోటల్‌లో ప్లంబరూ, తోటమాలీ, లెక్కలు రాసేదీ ఆ యజమానులే. చెబితే గంటలో చేస్తారు. నోరెత్తకుండా ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో ఒక స్టార్ ఇస్తే, తడికాలం మధ్యలో వాళ్ళకు వచ్చే నాలుగు బుకింగులూ పోతాయి.

జాస్పర్ తర్వాత ఆ తీరంలో రోడ్లు నెలల తరబడి బాగుపడలేదు, గదులు ఖాళీగా ఉండిపోయాయి. పెద్ద రిసార్టులు తట్టుకుంటాయి. పది గదులవాళ్ళు ఒక్క ఖాళీ సీజన్‌కే తాళం వేస్తారు. రేకుల కప్పు, లూవర్లు, వెనక గోంగూర మొక్కలు ఉన్న హోటళ్ళు మిగలాలంటే వానల్లో వెళ్ళేవాళ్ళు కావాలి. వచ్చే నవంబరులో మీరు వెళ్ళండి. వెనకవైపు గది ఇమ్మని, లూవర్లు ఉన్నాయా అని, యజమాని అక్కడే ఉంటారా అని ముందే రాసి అడగండి. మీ అమ్మానాన్నలు అప్పుడు ఆస్ట్రేలియాలోనే ఉంటే, వాళ్ళని తప్పకుండా వెంట తీసుకెళ్ళండి.